రోజూ కూల్‌డ్రింక్ తాగే అలవాటు ఉంటే, దాని బదులు ఏది తాగాలి?

సాయంత్రం నాలుగయ్యేసరికి మా ఆఫీసు కింద కిరాణా కొట్టు దగ్గర సందడి మొదలవుతుంది. ఫ్రిజ్ తలుపు తీస్తే తగిలే చల్లగాలి, సీసా మీద పట్టిన తడి, మూత తిప్పగానే బుస్సుమనే ఆ చప్పుడు. ఆరేళ్ళ పాటు ఆ గుంపులో నేనూ ఉన్నాను. రోజుకొక ఇరవై రూపాయల సీసా, ఆదివారం బిర్యానీతో ఇంకొకటి. ఆ తర్వాత మామూలుగా చేయించుకున్న హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. అంటే షుగర్ జబ్బు గుమ్మం దాకా వచ్చినట్టు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, అంటే కాలేయంలో కొవ్వు చేరడం మొదలైందని అన్నారు. మా నాన్నగారికి షుగర్ ఉంది, నా పని కూర్చుని చేసేది, కాబట్టి అంతా కూల్‌డ్రింక్ వల్లే అని నేననను. కానీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న మాత్రం "రోజూ తియ్యగా ఏం తాగుతారు?" అని. ఏం తింటారని అడగలేదు.

ఆ రోజు నుంచి బదులుగా ఏది తాగాలా అని చాలా వాటిని ప్రయత్నించాను, చదివాను, డాక్టర్లను అడిగాను. నాకు తేలిందేమిటంటే, అందరికీ పనికొచ్చే ఒకే బదులు లేదు. మీరు ఆ సీసా దేనికోసం తాగుతున్నారో ముందు తెలుసుకుంటే, దానికి తగిన బదులు దొరుకుతుంది. అది తెలుసుకోకుండా మొదలుపెడితే నాలాగే కూల్‌డ్రింక్ మానేసి చెరుకు రసానికి అలవాటు పడతారు.

ఒక్క మాట. మనం సోడా అంటే పంచదార లేని ఉత్త గ్యాస్ నీళ్ళు, లేదా గోలీ సోడా. అమెరికాలో సోడా అంటే కోలాలాంటి తియ్యటి పానీయం. అక్కడి వార్తలు వాట్సాప్‌లో "సోడా తాగితే షుగర్ వస్తుంది" అని తిరుగుతుంటే, ఇక్కడ పెద్దవాళ్ళు ఉత్త సోడా తాగడానికి భయపడుతున్నారు. నేను చెప్పేది తియ్యటి కూల్‌డ్రింకుల గురించి.

సీసాలో ఎంత ఉంది

కోలా రకాల్లో 100 మి.లీ.కి సుమారు 10 నుంచి 11 గ్రాముల పంచదార ఉంటుంది. 250 మి.లీ. చిన్న సీసాకి 26 గ్రాములు. అంకె చెబితే తలకెక్కదు. అందుకే ఒకరోజు వంటింట్లో త్రాసు మీద చిన్న స్టీలు గిన్నె పెట్టి 26 గ్రాములు తూచాను. ఆరు చెంచాలు పట్టింది, గిన్నె అడుగు కనపడలేదు. మా పాప వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "పాయసం చేస్తున్నావా నాన్నా?" అంది. ఇంటిల్లిపాది పాయసానికి వేసే పంచదారలో మంచి భాగమే అది. దాన్ని నేను నాలుగు నిమిషాల్లో, నిలబడి, ఫోన్ చూసుకుంటూ తాగేసేవాణ్ని.

రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి విడిగా కలిపిన పంచదార 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే ఒక్క చిన్న సీసాతోనే ఆ మంచి హద్దు దాటేస్తాం. పొద్దున్న కాఫీ, సాయంత్రం టీ, బిస్కెట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. ఏడాదికి లెక్కేస్తే రోజుకొక చిన్న సీసా అంటే తొమ్మిదిన్నర కిలోల పంచదార, 7,300 రూపాయలు.

తాగే పంచదారకీ తినే పంచదారకీ తేడా ఉంది. 2000లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పదిహేను మందికి రోజుకు 450 కేలరీల పంచదార ఒక నెల మిఠాయిగా, ఇంకో నెల కూల్‌డ్రింక్‌గా ఇచ్చి చూశారు. మిఠాయి తిన్నప్పుడు వాళ్ళు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించారు. కూల్‌డ్రింక్ తాగినప్పుడు తగ్గించలేదు. తాగినదాన్ని కడుపు తిండిగా లెక్కపెట్టుకోదు. భోజనం భోజనమే, ఇది దాని మీద అదనం.

బదులు వెతుక్కునేవాళ్ళకు బాగా పనికొచ్చే ప్రయోగం 2012లో వచ్చింది, డెన్మార్క్‌లో చేసింది. అధిక బరువున్న 47 మందిని నాలుగు జట్లు చేసి, ఆరు నెలల పాటు రోజుకు ఒక లీటరు చొప్పున ఒక జట్టుకు మామూలు కోలా, ఒకదానికి పాలు, ఒకదానికి డైట్ కోలా, ఒకదానికి నీళ్ళు ఇచ్చారు. కోలా తాగినవాళ్ళ కాలేయంలో కొవ్వు బాగా పెరిగింది, పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వూ పెరిగింది. మిగతా మూడు జట్లలో అలా పెరగలేదు. పాలలోనూ కేలరీలు దాదాపు కోలా అన్నే ఉన్నాయి, కాబట్టి తప్పు కేలరీలది మాత్రమే కాదు. పంచదారలో సగం ఉండే ఫ్రక్టోజ్ ఎక్కువగా కాలేయానికే చేరుతుంది. మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది, యూరిక్ యాసిడ్‌నీ పెంచుతుంది. బొటనవేలి కీలు వాచి దుప్పటి అంచు తగిలినా కేక పెట్టే గౌట్ నొప్పికీ కూల్‌డ్రింకులకీ సంబంధం అక్కడుంది.

షుగర్ జబ్బు సంగతికొస్తే, పలు అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, రోజుకు ఒకటి రెండు తియ్యటి పానీయాలు తాగేవాళ్ళకు టైప్ 2 డయాబెటిస్ ముప్పు దాదాపు తాగనివాళ్ళకంటే 26 శాతం ఎక్కువని తేలింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ 2023లో చెప్పింది. మన ఇళ్ళల్లో ఈ అంకెలు చూడక్కర్లేదు, పెళ్ళి భోజనాల దగ్గర ఎంతమంది స్వీటు వద్దంటున్నారో చూస్తే చాలు.

పళ్ళ గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. నోటిలో పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. ఒక సీసాను గంటసేపు కొంచెం కొంచెంగా చప్పరించేవాళ్ళ పళ్ళు, గబగబా తాగేసేవాళ్ళ పళ్ళకంటే ఎక్కువ దెబ్బతింటాయి. కంప్యూటర్ పక్కన సీసా పెట్టుకుని పని చేసే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఇది ముఖ్యంగా చెప్పాలి.

మీరు దేనికోసం తాగుతున్నారు

ఒక వారం గమనించండి. దాహమా, గొంతులో ఆ చురుకు కావాలా, తీపి మీద మనసా, నిద్రమత్తు వదలడానికా, బిర్యానీ పక్కన లేకపోతే వెలితిగా ఉంటుందా? నాది మూడొంతులు నిద్రమత్తు, ఒక వంతు స్నేహితుల కబుర్లు. తీపి అని ఆరేళ్ళు అనుకున్నాను, కాదని తేలింది.

దాహం కోసమైతే ఎంపిక తేలిక. మంచినీళ్ళ తర్వాత నా ఓటు మజ్జిగకే. పెరుగు ఒక వంతు, నీళ్ళు మూడు నాలుగు వంతులు, కరివేపాకు, అల్లం, చిటికెడు ఉప్పు. కలిపిన పంచదార లేదు, కొంచెం కాల్షియం ఉంది, కడుపుకు చల్లన, ఖర్చు నాలుగైదు రూపాయలు. ఎండాకాలం చలివేంద్రాల్లో మన పెద్దవాళ్ళు పోసింది ఇదే. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు మానేసి జీలకర్ర పొడి, నిమ్మ చుక్కలు వేసుకోవచ్చు. ప్యాకెట్ మజ్జిగ కూడా ఫర్వాలేదు, ఉప్పు ఎంతుందో వెనక్కి తిప్పి చూడండి.

కొబ్బరి బొండం మంచిదే. తీపి ఉంటుంది కానీ కూల్‌డ్రింక్‌లో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు, పైగా పొటాషియం దండిగా ఉంటుంది. కోనసీమలో ఉన్నవాళ్ళకు రోజూ దొరుకుతుంది, హైదరాబాద్‌లో ఒక బొండం ధరకు రెండు మూడు చిన్న కోలాలు వస్తాయి. అందుకని రోజువారీ బదులుగా అందరికీ ఇది కుదరదు. ఆ పొటాషియమే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ప్రమాదం. మా బంధువుల్లో డయాలసిస్ మీద ఉన్న ఒకాయనకు చూడటానికి వచ్చినవాళ్ళంతా బొండాలే తెచ్చేవారు. ఆయన డాక్టరు గట్టిగా చెప్పాకే ఆపారు.

గొంతులో చురుకు కావాలనుకునేవాళ్ళకు ఉత్త సోడా నిజమైన జవాబు. పంచదార సున్నా. గ్యాస్ ఎముకలను తినేస్తుందన్న భయానికి ఆధారం లేదు. ఆడవాళ్ళలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనపడింది కోలాలతోనే కానీ మిగతా గ్యాస్ పానీయాలతో కాదని 2006లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. సోడాలో సగం నిమ్మకాయ పిండి, కొంచెం ఉప్పు వేసుకుంటే కూల్‌డ్రింక్‌కి దగ్గరగా వచ్చే రుచి అదే. బండి దగ్గర తాగితే "పంచదార వద్దన్నా" అని ముందే చెప్పాలి, లేదంటే రెండు మూడు చెంచాలు వేసేస్తారు. ఐసు ఏ నీళ్ళతో చేసిందో తెలియకపోతే అదీ వద్దనండి. ఎసిడిటీ, ఛాతీలో మంట ఉన్నవాళ్ళకు మాత్రం గ్యాస్ ఏ రూపంలోనైనా పడదు.

గోలీ సోడా సీసాకు 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ మాయమై మన బస్టాండ్లలో బతికింది. గోలీ లోపలికి నొక్కి తాగే ఆ ఉత్త సోడా నాకు ఇప్పటికీ ఇష్టం. ఇప్పుడొస్తున్న రంగురంగుల ఫ్లేవర్ గోలీ సోడాలు మాత్రం సీసా ఒక్కటే పాతది, లోపల పంచదార కూల్‌డ్రింక్‌దే. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్ మనదని, రాయలసీమ సుగంధి షర్బత్ వేరుతో చేసిందని ఎంత ప్రేమ ఉన్నా, సిరప్ సిరప్పే. ఊరి మీద అభిమానంతో ఎప్పుడైనా తాగండి, మంచిదనుకుని రోజూ తాగకండి.

నిద్రమత్తు కోసం తాగేవాళ్ళు కోలాలో అసలు కెఫీన్ ఎంతో చూసుకోవాలి. చిన్న సీసాలో పాతిక మిల్లీగ్రాములు ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒక కప్పు టీలో 30 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు 300 దాటవద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. అంటే చిన్న కప్పు టీ, ఒక చెంచా పంచదారతో, కోలాకన్నా బాగా పని చేస్తుంది, పంచదార అయిదో వంతే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దు, తిన్నదాంట్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఇది గట్టిగా పాటించాలి.

ఈ కోవలో నాకు బాగా కోపం తెప్పించేది ఎనర్జీ డ్రింకులు. అదే ఇరవై రూపాయలకు, అదే ఫ్రిజ్‌లో, బడి పిల్లల చేతికి అందేలా ఉంటాయి. మన నిబంధనల ప్రకారం వీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని సీసా మీదే రాసి ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలతో. పరీక్షల ముందు పిల్లలు రాత్రుళ్ళు ఇవి తాగి చదవడం చూస్తున్నాను. కోలా మాన్పించి దీనికి అలవాటు చేయడం కన్నా కోలానే నయం. తల్లిదండ్రులు దయచేసి ఒకసారి ఆ అక్షరాలు చదవండి.

డైట్, జీరో రకాల సంగతి

ఎక్కువమంది అడిగేది ఇదే. తీపి వదలలేనివాళ్ళకు జీరో మంచిదా? పంచదార సీసాతో పోలిస్తే తప్పకుండా మేలు. డెన్మార్క్ ప్రయోగంలో డైట్ కోలా తాగినవాళ్ళ కాలేయం నీళ్ళు తాగినవాళ్ళలాగే ఉంది. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలకు ఏడాదిన్నర పాటు రోజుకు 250 మి.లీ. చొప్పున కొందరికి పంచదార ఉన్న డ్రింకు, కొందరికి లేనిది ఇచ్చి చూస్తే, పంచదార లేనిది తాగినవాళ్ళు సగటున ఒక కిలో తక్కువ బరువు పెరిగారు.

నీళ్ళతో పోలిస్తే మాత్రం మేలు కాదు. బరువు తగ్గడానికి, జీరో రకాల్లో పంచదార బదులు కలిపే తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సలహా ఇచ్చింది, దీర్ఘకాలంలో ప్రయోజనం కనపడలేదని. అలాంటి తీపి పదార్థమే అయిన అస్పర్టేమ్‌కీ క్యాన్సర్‌కీ ముడిపెడుతూ ఆ జులైలో వచ్చిన వార్త చాలామందిని భయపెట్టింది. 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అన్న జాబితాలో చేర్చారు, ఆధారాలు పరిమితమని కూడా చెప్పారు. రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల హద్దును మార్చలేదు. 70 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకు 9 నుంచి 14 క్యాన్లు తాగాలి. రోజుకొక క్యాన్ తాగేవాళ్ళు ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

నా అభిప్రాయంలో జీరో ఒక మెట్టు. రోజుకు రెండు మూడు సీసాలు తాగే మనిషి ఒక్కసారి మజ్జిగకు రాలేడు, రెండు నెలలు జీరో మీద నడిచి రావచ్చు. అక్కడే ఉండిపోతే నాలుకకు ఆ స్థాయి తీపి అలవాటు అలాగే ఉంటుంది. ఆమ్లం కూడా తగ్గదు, పళ్ళకు నష్టం కొనసాగుతుంది.

షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఒక ముఖ్యమైన సంగతి. షుగర్ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే జీరో పనికిరాదు. అప్పుడు కావలసింది పంచదార ఉన్నదే, సుమారు 150 మి.లీ. అలాంటి మనిషి ఇంట్లో మామూలు సీసా ఒకటి మందుగా ఉంచుకోవచ్చు.

మంచివనుకుని మోసపోయేవి

నేను పడ్డ గొయ్యి చెరుకు రసం. కళ్ళ ముందే తీస్తాడు, అల్లం నిమ్మకాయ వేస్తాడు, మందులాగే అనిపిస్తుంది. కానీ 100 మి.లీ.కి 13 నుంచి 15 గ్రాముల పంచదార ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఉంది. కోలాకన్నా ఎక్కువ. మూడు వారాలు రోజూ పెద్ద గ్లాసు తాగి, ఆరోగ్యం బాగుచేసుకుంటున్నానని సంతోషపడ్డాను.

మామిడి డ్రింకులూ అంతే. పేరు పండుది, వెనక లేబుల్ చూస్తే నీళ్ళు, పంచదార, కొంత గుజ్జు. పిల్లలకు కూల్‌డ్రింక్ వద్దని చెప్పి వీటిని కొనిపెట్టే తల్లులు మా అపార్ట్‌మెంట్‌లోనే ఎందరో. ఒక బత్తాయి ఒలిచి ఇస్తే ఆ తీపి పీచుతో కలిసి నెమ్మదిగా వెళ్తుంది. దాన్ని రసం తీస్తే నాలుగు కాయలు ఒక్క గ్లాసులో దిగిపోతాయి.

ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి టెట్రా ప్యాకుల కథ మన హైదరాబాద్‌తో ముడిపడింది. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. దానికి ఎన్నో రెట్లు పంచదార ఉన్న పానీయాలను ఆ పేరుతో అమ్ముతుంటే, విరేచనాల పిల్లలకు తల్లిదండ్రులు అవే తాగించేవారు. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. విరేచనాలకు మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి.

బిర్యానీ, తర్వాత మానే పద్ధతి

బిర్యానీ పక్కన థమ్సప్ లేకపోతే తిన్నట్టుండదని అనేవాళ్ళు మనలో చాలామంది. త్రేన్పు రాగానే అరిగిందనుకుంటాం. ఆ త్రేన్పు మనం ఇప్పుడే తాగిన గ్యాసు బయటికి రావడమే, బిర్యానీ ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంది. అక్కడ ఉప్పు వేసిన నిమ్మ సోడా అదే పని చేస్తుంది. మిరపకాయ ఘాటుకైతే పెరుగు చట్నీనే సరైన విరుగుడు.

రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే కెఫీన్ అందక కొందరికి రెండో రోజు తలనొప్పి, చిరాకు రావచ్చు. వారంలోపు తగ్గుతాయి. ఆ రెండు రోజులే చాలామంది ఓడిపోయేది, అందుకని ఆ సమయానికి చిన్న కప్పు టీ సిద్ధంగా పెట్టుకోండి. నేను ముందు సగం కోలా, సగం ఉత్త సోడా కలుపుకుని పది రోజులు తాగాను. చురుకు తగ్గలేదు, తీపి సగమైంది. తర్వాత రోజు విడిచి రోజు. నెల దాటాక ఒకసారి పూర్తి సీసా తాగితే సగం దగ్గరే పెదాలు అంటుకున్నట్టనిపించి పక్కన పెట్టేశాను.

ఇప్పుడు నాలుగింటికి ఆ కొట్టు దగ్గరికే వెళ్తాను, కబుర్ల కోసం. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ సీసా ఉంటుంది. నడక కూడా మొదలుపెట్టాను, ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. ఆదివారం బిర్యానీతో పాప అడిగితే ఇంట్లో పెద్ద సీసా కొనను. చిన్నది ఒకటి తెచ్చి, టీ గ్లాసుల్లో నలుగురికీ పోస్తాను. తలా అరవై మి.లీ. వస్తుంది.